అమావాస్య నాడు ఆడిన మగ్గం

దయ్యమని, గాలి సోకిందని ఎవరైనా చెప్తే నేను ఎప్పుడూ లెక్కపెట్టినదాన్ని కాదు. మా వీధిలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే అందరూ వేపమండలు తెచ్చేవాళ్ళు. నేను ఒక గిన్నెడు జొన్నగంజి కాచి తీసుకుపోయేదాన్ని. కడుపులో ఇంత పడితే మనిషి కుదుటపడుతుందని నా నమ్మకం. చాలాసార్లు కుదుటపడేవాళ్ళు కూడా. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు గంజితో సర్దుకోలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

నేను చదివింది రెండో తరగతి. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో పుట్టి, అదే వీధిలో నాలుగిళ్ళ అవతలికి కాపురానికి వచ్చినదాన్ని. మా ఆయన చీరలు నేసేవాడు. నేను కండెలు చుట్టేదాన్ని. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల. దాన్ని నాడెలో పెడితే అటూ ఇటూ పరిగెత్తి పేక, అంటే అడ్డపోగు, పడుతుంది. నూలు అయిపోగానే మగ్గం ఆగుతుంది, ఇంకో కండె అందించాలి. కొందరు భార్యను పేరుపెట్టి కేకేస్తారు, కొందరు దగ్గుతారు. మా ఆయన మగ్గం చెక్క మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. నేను పొయ్యి దగ్గర ఉన్నా, నీళ్ళ కుండ దగ్గర ఉన్నా, ఆ రెండు దెబ్బలు పడితే నా చేయి తనంతట తానే కండెల బుట్ట మీదికి పోయేది.

ఇంకొక సంగతి. మగ్గాల వీధిలో పెరిగినవాళ్ళకు చప్పుడు వింటే అది ఎవరి మగ్గమో తెలుస్తుంది. మగ్గం కింద గుంతలో కాళ్ళతో తొక్కాలి, మా ఆయనకు ఎడమ మోకాలు సరిగా వంగదు. అందుకని నాలుగైదు దెబ్బలకు ఒక దెబ్బ కొంచెం ఆలస్యంగా పడేది, నడిచే మనిషి చిన్న గుంత దాటినట్టు. వీధిలో అట్లా పలికే మగ్గం ఇంకొకటి లేదు.

నేను చెప్పేది ఎనభైల మొదట్లో జరిగింది. నా చెల్లెలు సరోజను దేవనకొండ అవతల ఒక పల్లెకు ఇచ్చినారు. ఆ ఊరి పేరు రాయను. మా అమ్మ అప్పటికే లేదు కాబట్టి తొలి కాన్పుకు తీసుకురావలసినదాన్ని నేనే. ఏడో నెలలో పోదామంటే మగ్గం మీద అర్జంటు చీరలున్నాయి. ఎనిమిదో నెలలో కదిలించకూడదంటారు. సరే, తొమ్మిది పడనీ అని ఆగినాము. ఆ ఒక్క నెలలోనే ఆ ఊళ్ళో ఒక మనిషిని చంపినారు.

అక్కడ రెండు వర్గాలు. సరోజ మొగుడు ఎవరి జోలికీ పోయే మనిషి కాదు, కానీ ఆ ఊళ్ళో వర్గం మనిషిని బట్టి కాదు, వీధిని బట్టి. ఇల్లు ఏ వీధిలో ఉంటే ఆ వర్గమే. అతను ఊరు దాటితే అవతలివాళ్ళు కాచుకుని ఉంటారు. బస్సు నిలిపేశారు. సరోజకు కాళ్ళు వాచినాయని, అక్కడ మంత్రసాని కూడా ఊరు విడిచి పోయిందని పత్తి బేరగాడు ఒకడు కబురు తెచ్చినాడు.

మా ఆయన తాను పోతానన్నాడు.

"నువ్వు పోతే ఏ వర్గమని అడుగుతారు. నేను పోతే ఎవరింటి సుట్టమని అడుగుతారు. అంతే తేడా," అన్నాను.

"అడిగేదానికి ముందు బాంబు ఏస్తే?"

"ఆడమనిషి మీద ఎయ్యరు. రేపు అమావాస్య గూడా. రేపే పోతా."

శివరాత్రి మరునాటి అమావాస్య అది. మావాళ్ళు అమావాస్య నాడు మగ్గం ఎక్కరు. వీధి మొత్తం ఆ రోజు చప్పుడు లేకుండా ఉంటుంది. రైతులు కొత్త పని పట్టరు, బండి కట్టి ఊరికి పోరు. కత్తి పట్టేవాళ్ళు కూడా మనలాంటి మనుషులే కదా, వాళ్ళూ ఆ రోజు ఊరుకుంటారని నేను అనుకున్నాను. పంచాంగం అందరికీ ఒకటే అని నా లెక్క. ఆ లెక్క తప్పు.

పక్కింటి మాబున్ని వచ్చి చెంపలు వాయించుకున్నంత పని చేసింది. "మీ పండగలు మీకు తెల్దా? అమాస దినం నిండు చూలాలిని తెస్తారా ఎవరన్నా?" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

తెల్లవారి మొదటి బస్సుకు పోయినాను. దేవనకొండలో దిగి, హోటల్ ముందు నిలబడి నడిచిపోయే దారి అడిగినాను. హోటలాయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు.

"ఆ ఊరికా? ఏ పక్కనమ్మా మీది?"

"కాన్పు పక్క నాయనా," అన్నాను.

అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్వినారు. ఒకాయన లేచి వచ్చి దారి చూపించినాడు. నాలుగు మైళ్ళని చెప్పినాడు.

నల్లరేగడి నేల. పత్తి ఏరేశారు, కట్టె నిలబడి ఉంది. మనిషి అలికిడి లేదు. పనులు లేక కాదు, అమావాస్యకు తోడు భయం. మూడు మైళ్ళు నడిచేసరికి దారి రెండుగా చీలింది. కుడివైపు బండిబాట, అది చుట్టు తిరిగి వంక మీది మోరీ, అంటే చిన్న వంతెన, దాటి ఊరి ముందుకు పోతుంది. పెళ్ళికి వచ్చినప్పుడు మేము పోయింది ఆ బాటనే. ఎడమవైపు కాలిబాట, అది ఎటు పోతుందో నాకు తెలియదు. నేను తెచ్చుకున్న సీసాలో నీళ్ళు అయిపోయినాయి. తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

వెనకనుంచి ఒక ఎద్దులబండి వచ్చింది. శెనక్కాయ కట్టె వేసుకుని ఒకాయన తోలుకుంటూ వస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పక్క ఊరివాడు, ఆ ఊళ్ళో కూతురింటికి పశువుల మేత తీసుకుపోతున్నాడు. ఎద్దులకు మేత లేదంటే అమావాస్య ఏం చేస్తుందమ్మా అన్నాడు.

"ఎక్కు. ఆ ఊరికే నేనూ పోయేది. నువ్వెక్కితే నా ఎద్దులేం ఏడవవులే," అన్నాడు. తన పక్కన కట్టె సర్ది చోటు చేసినాడు.

నేను లేచినాను. చక్రం మీద కాలు పెట్టబోతుంటే మగ్గం చప్పుడు వినిపించింది.

ఎడమవైపు నుంచి, కాలిబాట పోయే దిక్కునుంచి. దూరంగా, కానీ స్పష్టంగా. నాకు మొదట వచ్చిన ఆలోచన దయ్యం కాదు. మగ్గం ఉన్న ఇల్లంటే మావాళ్ళ ఇల్లు, నీళ్ళిస్తారు, దారి చెప్తారు అనుకున్నాను. అమావాస్య నాడు నేస్తున్నారంటే పాపం ఎంత ఇబ్బందిలో ఉన్నారో అని కూడా అనుకున్నాను.

"నువ్వు పో అన్నా. ఆడ మగ్గం ఆడతాంది. మావోళ్ళ ఇల్లుంటాది. నీళ్ళు తాగి వస్తా."

"మగ్గమా? ఈ పక్క ఇల్లే ల్యాదు, మగ్గం యాడిది?"

"ఇనపడలేదా నీకు?"

ఆయన నన్ను కాదనలేక బండి అట్లాగే ఆపి పెట్టినాడు. వంగి, ఎద్దు మెడలో గంటను పిడికిట పట్టుకున్నాడు, చప్పుడు కాకుండా. అట్లా తల వంచి కొంచెంసేపు విన్నాడు. ఆ కొంచెంసేపూ నాకు మగ్గం వినిపిస్తూనే ఉంది.

"నాకేం ఇనపడ్ల. ఎండ తగిలినట్టుండాది నీకు. తొందరగా నీళ్ళు తాగు," అన్నాడు. గంట వదిలి, బండిబాట వెంట పోయినాడు.

నేను కాలిబాట పట్టినాను. ఎంత నడిచినా చప్పుడు దగ్గరకు రాలేదు, దూరం కాలేదు. ఒకచోట ఆగింది. తర్వాత రెండు దెబ్బలు పడినాయి, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. నా కుడిచేయి నడుము పక్కకు పోయింది, అక్కడ బుట్ట ఉన్నట్టు. నేను చేయి వెనక్కి తీసుకున్నాను. చాలామంది నేతగాళ్ళు అట్లా కొడతారు కాబోలు అనుకున్నాను. మళ్ళీ మగ్గం మొదలైంది. ఈసారి దెబ్బలు లెక్కపెట్టినాను. నాలుగు దెబ్బల తర్వాత అయిదోది ఆలస్యంగా పడింది.

అప్పుడు నాకు భయం వేయలేదు, నిజం చెప్తున్నాను. కోపం వచ్చింది. నేను ఇక్కడ ఎండలో తిరుగుతుంటే ఈ మనిషి అమావాస్య నాడు మగ్గం ఎక్కినాడా అని. ఎమ్మిగనూరు అక్కడికి ఇరవై మైళ్ళకు పైనే ఉంటుంది. ఆ సంగతి తర్వాత గుర్తొచ్చింది.

కాలిబాట ఒక గడ్డివాముల దొడ్డి దగ్గర తేలింది. అక్కడ చప్పుడు ఆగిపోయింది. ఇళ్ళ వెనకవైపు అది. ఒక పెరట్లో ఆడమనిషి అంట్లు తోముతోంది. నీళ్ళడుగుదామని దగ్గరకు పోతే ఆమె తలెత్తింది. సరోజ.

"అక్కా? ఈ పక్కనుంచి ఎట్ల వచ్చినావు?"

"మగ్గం ఇనుకుంటా వచ్చినా. ఎవరింట్లో ఆడతాంది?"

"ఈ ఊర్లో మగ్గం యాడుందక్కా? నూలు కనపడితే ఎద్దు మెడకు కట్టే మనుషులు ఈళ్ళు."

నన్ను లోపలికి తీసుకుపోయింది. చెంబుతో నీళ్ళిచ్చింది. నేను సగం తాగినాను. అప్పుడు ఊరి ముందువైపు నుంచి రెండు పెద్ద చప్పుళ్ళు వినిపించినాయి. ఒకదాని వెంట ఒకటి. సరోజ అత్త లేచి వాకిలి గడియ పెట్టింది. వాళ్ళకు ఆ చప్పుడు కొత్త కాదు. వీధిలో తలుపులన్నీ వరసగా మూసుకున్నాయి.

నేను లోపలికి అడుగు పెట్టగానే ఆ అత్త, అమావాస్య రోజు కోడల్ని పంపనని చెప్పింది. ఇప్పుడు తానే మూట కట్టింది.

"అమాస లేదు ఏం లేదు. వచ్చిన దోవనే ఎత్తుకపో బిడ్డను," అన్నది.

సరోజ మొగుడు గడ్డివాముల దాకా వచ్చి ఆగిపోయినాడు. అంతకుమించి రాలేడు. ఆ బాట వెంటే వెనక్కి నడిచినాము. సరోజ ఏడెనిమిది చోట్ల కూర్చుంది. ఈసారి మగ్గం వినిపించలేదు. చీలిక దగ్గర బండిబాట వైపు నేను చూడలేదు. పెద్ద రోడ్డు ఎక్కినాక పత్తి బోరేలు వేసుకుని ఆదోనికి పోయే లారీ ఒకటి ఆపి ఎక్కించుకున్నారు. ఆదోనిలో బస్సు మారి, దీపాలు పెట్టే వేళకు ఎమ్మిగనూరులో దిగినాము.

మా ఆయన బస్టాండులోనే ఉన్నాడు. పొద్దున నన్ను బస్సెక్కించినవాడు ఇంటికే పోలేదు. సోడా బండి పక్కన కూర్చున్నాడంట రోజంతా. సోడా బండాయన కూడా అదే చెప్పినాడు, "మీ ఆయన్ని తీసకపోమ్మా, నా బెంచీ అరిగిపాయె," అని.

ఇంటి ముందుకు వచ్చేసరికి మాబున్ని అడ్డం నిలబడింది. నా వైపు చూడనే లేదు.

"ఏమప్పా, నీది గుండెనా బండనా? పెండ్లాం బాంబుల ఊరికి పోతే, అమాస అని గూడా చూడకుండా మగ్గం ఆడిస్తావా? వీధంతా ఊరకుంటే నీదొక్కటే టకటకా. తలుపు గూడా కొట్టినా, పలకవు."

"నేను ఇంట్లో యాడున్నానమ్మా? బస్టాండులో ఉంటి. తాళం చెవి ఇదో," అని జేబులోంచి తీసి చూపించినాడు.

తలుపుకు తాళం వేసే ఉంది. తీసి లోపలికి పోయినాము. నాడెలో ముందురోజు సాయంత్రం నేను పెట్టిన కండె నిండుగా అట్లాగే ఉంది. బుట్టలో కండెలు కదల్లేదు. బట్ట ఒక్క వేలెడు కూడా పెరగలేదు. మాబున్ని వంగి మగ్గం గుంతలోకి కూడా చూసింది. తర్వాత వాళ్ళింటికి పోయింది.

మా ఆయన మాత్రం, "ఆ దయ్యమేదో ఒక గజం నేసి పెట్టింటే బాగుండు," అన్నాడు. నేను నవ్వలేదు.

సరోజకు పదో రోజున ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

పురుటి స్నానానికి సరోజ మొగుడు ఎట్లాగో తప్పించుకుని వచ్చినాడు. అతను చెప్తే తెలిసింది. ఆ రోజు మోరీ దగ్గర కాచుకున్నవాళ్ళు వేరే మనిషి కోసం కూర్చున్నారు. ఆ మనిషి ఎద్దులూ నన్ను ఎక్కమన్న బండాయన ఎద్దులూ ఒకటే రంగు. రెండు బాంబులూ బండి ముందుభాగంలో పడినాయి, మనిషి కూర్చునేచోట. ఆయన అక్కడే పోయినాడు. ఏ వర్గానికీ చెందనివాడు.

నేను చాలా విధాలుగా ఆలోచించినాను. శివరాత్రి ఒక్కపొద్దు ఉన్నాను, ఎండలో నడిచినాను, ఎప్పుడూ చెవిలో ఉండే చప్పుడే వినిపించి ఉంటుంది అనుకోవచ్చు. కానీ మాబున్ని శివరాత్రికి ఒక్కపొద్దు ఉండే మనిషి కాదు, ఎండలో నడవలేదు. ఆమె పోయేదాకా ఆ రోజు మగ్గం విన్నాననే చెప్పింది, ఒక్క మాట ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు. ఇంతకంటే నా దగ్గర సాక్ష్యం లేదు.

ఆ బండాయన ఊరు నాకు తెలుసు. ఆయన భార్య చాలా ఏళ్ళు బతికే ఉందని కూడా తెలుసు. పోయి ఆమెతో మాట్లాడాలని రెండుసార్లు బస్సెక్కి, రెండుసార్లూ దేవనకొండలో దిగి వెనక్కి వచ్చినాను. నీ మొగుడు నాకు తన పక్కన చోటిచ్చినాడు, ఒక చప్పుడు వినిపించి నేను ఎక్కలేదు, ఆయన కూడా బండి ఆపి విన్నాడు, ఆయనకు వినిపించలేదు. ఇదే చెప్పాలి. అప్పుడు ఆమె, ఎందుకు వినిపించలేదు అని అడుగుతుంది. నాకు తెలియదు.