కడప లేని తలుపు కోసం అల్మాస్‌గూడ దాకా

ఈ బ్లాగులో ఇంతవరకు కోటల గురించీ జలపాతాల గురించీ రాశాను. ఈసారి రాస్తున్నది ఉద్యోగం పని మీద చేసిన ఒక్కరోజు ప్రయాణం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ మీదుగా అల్మాస్‌గూడ, అంతే దూరం. మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. యుద్ధం ఆగిన దేశాల్లో ఇళ్లు, బడులు, ఆసుపత్రులు మళ్లీ కడుతున్న వాళ్లకు కావలసిన సామాను చేసే కంపెనీలను వెతికి కలపడం మా పని. నేను ఉత్తరాలు రాస్తాను, అనువాదాలు చేస్తాను. మనుషులతో మాట్లాడే పని సాధారణంగా నాకు ఇవ్వరు. ఆ రోజు మా సార్ ఢిల్లీ వెళ్లాల్సి రావడంతో అతిథిని తీసుకెళ్లే పని నా మీద పడింది. ఇలా విదేశాల వాళ్లను వెంటబెట్టుకుని ఈ వైపు షెడ్లు చూపించాలనుకునే వాళ్లు కొందరు దారి అడిగారు. దారి రాస్తాను. దాంతోపాటు రాయాలని లేనిది కూడా కొంత రాయాలి.

అతిథి పేరు సల్మా. యాభై దాటిన ఇంజనీరు. ఊరి పేరు, దేశం పేరు రాయనని ఆమెకు మాటిచ్చాను. యుద్ధంలో కూలిపోయిన ఒక పేటను అక్కడ మళ్లీ కడుతున్నారు. ఆ ఇళ్లకు తలుపులు కొనే బాధ్యత ఆమెది. వచ్చేముందు ఒక్క షరతు మాత్రం గట్టిగా రాశారు: జీరో థ్రెషోల్డ్, దానికి మినహాయింపు లేదు. మా ఆఫీసులో థ్రెషోల్డ్ అంటే కనీస పరిమితి. ఇంతకన్నా తక్కువ ఆర్డరు తీసుకోం అని కంపెనీలు పెట్టే హద్దు. అల్మాస్‌గూడలో తలుపులు చేసే యాదగిరి గారికి ఫోన్ చేసి, కనీసం ఇన్ని కొనాలన్న షరతు ఉండకూడదంటున్నారని చెప్పాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. విదేశాలకు పంపడం ఆయనకు ఇదే మొదటిసారి అవుతుంది. ఒక తలుపును ద్వారబంధంతో సహా నిలబెట్టి చూపిస్తానన్నారు. నచ్చితే అక్కడే సంతకం పెట్టే అధికారం సల్మా గారికి ఉంది.

ఉదయం తొమ్మిదికి హోటల్ దగ్గర ఆమెను కలిశాను. కారు వద్దు, మెట్రో చూస్తానన్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చివరి స్టేషన్. పొద్దున జనమంతా ఊళ్లోకి వెళ్తుంటారు కాబట్టి ఇటు వచ్చే రైల్లో సీట్లు దొరుకుతాయి. ఇద్దరికీ కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు. లిఫ్టు దగ్గర వరుస ఉంటే నేను మెట్లెక్కేశాను. ఆమె రెయిలింగ్ పట్టుకుని వెనకాల నెమ్మదిగా వచ్చారు. మోకాళ్ల నొప్పేమో అనుకున్నాను. అడిగితే బాగుండదనుకున్నాను.

రైల్లో ఆమె మా ఆఫీసు కరపత్రం తీసి చదివారు. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో 'శిథిలాల్లో దాగిన అవకాశాలు' అని ఉంటుంది. ఈ వాక్యం ఎవరు రాశారని అడిగారు. మా టీమ్ అన్నాను. టీమ్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. ఆమె కరపత్రం మడిచి సంచీలో పెట్టుకుంటూ, "శిథిలాల్లో మేము వేరేవి వెతుక్కున్నాం" అన్నారు. మిగిలిన రెండు స్టేషన్లూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఎల్బీనగర్‌లో ఇడ్లీ తిని, ఒక హార్డ్‌వేర్ షాపులో తలుపు మడతబందులు, గడియలు చూశాం. అక్కడి నుంచి అల్మాస్‌గూడకు షేర్ ఆటోల్లో మారుతూ వెళ్తే చాలా తక్కువలో అయిపోతుంది. అతిథి ఉంటే మాత్రం ఆటో మాట్లాడుకోండి. మా డ్రైవర్ మూడు వందల యాభై అడిగి మూడు వందలకు వచ్చాడు. కర్మన్‌ఘాట్, మీర్‌పేట మీదుగా ముప్పావు గంట పట్టింది. సగం దారి తవ్వేసి ఉంది.

డ్రైవర్ నల్గొండ వైపు మనిషి. ఆమెది ఏ దేశమని అడిగాడు. చెప్పాను. లడాయి అయిన దేశమే కదా, ఇప్పుడు ఇండ్లెవరు కడుతున్నరు అని అడిగి, అద్దంలో ఆమెను చూసి నవ్వాడు. "నన్ను గూడ తీస్కపొమ్మను మేడం. ఆటో కంటె ముందు మేస్త్రి పనే చేసిన. గోడ కడితే గీత గీసినట్టుంటది."

ఏమంటున్నాడని సల్మా గారు అడిగారు. ఇళ్లు పోగొట్టుకున్న మనిషి ముందు ఇలాంటి వేళాకోళమా అని నాకు సిగ్గేసింది. ట్రాఫిక్ ఎక్కువగా ఉందంటున్నాడని చెప్పాను.

యాదగిరి గారి షెడ్డు కాలనీ చివర, ఇంకా ఇళ్లు లేని ప్లాట్ల మధ్య ఉంది. నాదర్‌గుల్‌లో శిక్షణ తీసుకునే చిన్న విమానాలు అప్పుడప్పుడు పైనుంచి పోతుంటాయి. యాదగిరి, ఆయన భార్య సరిత కలిసే షెడ్డు నడుపుతారు. నేల ఊడ్చి నీళ్లు చల్లి ఉంచారు. మధ్యలో, ఆసరా కర్రల మధ్య, వేపచెక్క బంధంలో బిగించిన కొత్త తలుపు. కింద ఎత్తైన గడప. ఇక్కడ కడప అంటారు. దానికి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. రెండు చివర్లా పువ్వులు.

సరిత గారు ఎదురొచ్చి సల్మా గారి చెయ్యి పట్టుకున్నారు. "కుడికాలు వెట్టి రా అక్క. మొదటిపారి వస్తివి."

నేను అనువాదం చేశాను. సల్మా గారు తలుపు ముందు నిలబడి కడప వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. వంగి కుడి ముణుకు కింద వేళ్లతో తట్టారు. బల్ల మీద తట్టినట్టు చప్పుడైంది.

"ఇది అంత ఎత్తు లేవదు. అందుకే థ్రెషోల్డ్ వద్దని రాశాను. మా పేటలో సగం ఇళ్లలో ఇలాంటి కాలో, చక్రాల కుర్చీయో ఉంటుంది."

థ్రెషోల్డ్ అంటే గడప. ఆ మాట నేను నవలల్లో ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. కొత్తపెళ్లికూతుళ్లు దాటినవీ, కథానాయికలు ఆగిపోయినవీ అన్నీ అవే. తలుపుల గురించి ఒక ఇంజనీరు రాసిన ఉత్తరంలో మాత్రం దాన్ని కనీస పరిమితి అని చదివాను. పొద్దున ఆమెను మెట్లెక్కించింది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

యాదగిరి గారు ఏమంటున్నారని అడిగారు. ఎత్తు కొంచెం తగ్గించమంటున్నారని చెప్పాను. అదెంత పని, రెండు వేళ్లు చెక్కేస్తానని ఆయన చూపించారు. సల్మా గారికి ఆ రెండు వేళ్లు అర్థమయ్యాయి. చెప్పింది నమూనాలోనే చెయ్యని మనిషి కంటెయినరులో ఏం పంపుతాడని నాతో అన్నారు. గొంతులో కోపం లేదు. సంచీ భుజానికి తగిలించుకున్నారు. యాదగిరి గారు, ఏదో పొగడ్త అనుకుని కాబోలు, నా వైపు చూసి నవ్వుతున్నారు.

నేను మాట్లాడకపోయినా ఆ రోజు గడిచిపోయేది. తప్పు ఆయన మీదే ఉండిపోయేది, ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. అలా జరగనిస్తే బాగుండునని ఆ నిమిషంలో నాకు అనిపించింది కూడా.

"తప్పు ఆయనది కాదు," అన్నాను. "మీరు అడిగింది నేను ఆయనకు చెప్పనేలేదు. వేరేది చెప్పాను."

ఆమె సంచీ భుజం మీంచి దించారు. "ఆటోలో కూడా వేరేదే చెప్పావా?"

అవునన్నాను. డ్రైవర్ అన్నది అన్నట్టు చెప్పాను. ఆమె నవ్వారు, ఆ రోజు మొదటిసారి. "అది ఎందుకు దాచావు? మాకు మేస్త్రీలు చాలడం లేదు."

యాదగిరి గారికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆయన విని, నిలబెట్టిన తలుపును ఒకసారి చేత్తో తడిమారు. సరిత గారే అందుకున్నారు. "కాన్వెంట్ల చదివిన అని ఫోన్ల చెప్తివి. నీ ఇంగ్లీషంత వొచ్చి మా కడపకు తట్టుకున్నదా బిడ్డ?"

తలెత్తలేకపోయాను. ఆమె లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి, ముందు నాకే ఇచ్చారు. అది ఇంకా కష్టంగా ఉంది.

కడప లేకుండా ఇంతవరకు ఒక్క ఇంటికి కూడా దర్వాజ పెట్టలేదని, కడప లేని ఇల్లు మంచిది కాదని యాదగిరి గారు అన్నారు. పైగా కింద పట్టు లేకపోతే బంధం కాళ్లు పక్కకు జరుగుతాయట. ఈసారి ఒక్క ముక్క వదలకుండా అనువాదం చేశాను. సల్మా గారు పెన్సిల్ అడిగి, ప్లైవుడ్ ముక్క మీద బొమ్మ గీయడం మొదలుపెట్టారు. బంధం కాళ్లు నేలలోకి దిగేలా, అడుగున ఇనుపపట్టీ కాంక్రీటులో కలిసిపోయేలా. ఆయన ఆమె చేతిలోంచి పెన్సిల్ తీసుకుని ఏదో దిద్దారు, ఆమె మళ్లీ దిద్దారు. కాసేపటికి వాళ్లకు నా అవసరం లేకుండా పోయింది.

ఆయన రంపం తెచ్చారు. సరిత గారు పువ్వులు తీసి పక్కన పెట్టి, "కడప తీస్తే మరి పసుపు ఏడ రాయాలె?" అని అడిగారు. అదీ చెప్పాను. ఎక్కడ రాసినా తాను చెరపనన్నారు సల్మా గారు. కడప కోసి తీశాక సల్మా గారు ఆ తలుపులోంచి నడిచారు. ఏ కాలు ముందు పెట్టారో తెలియదు. నేను తల తిప్పుకుని ఉన్నాను.

ఆర్డరు మాత్రం ఆ రోజు రాలేదు. నేల మీద నిలబెట్టి కోసిన తలుపును చూసి సంతకం పెట్టలేనన్నారు. కొత్త బొమ్మ ప్రకారం ఇంకో నమూనా చేసి పంపితే, మిగతా దేశాల నుంచి వచ్చేవాటితో కలిపి చూస్తామన్నారు. ఆమె మాట్లాడినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. యాదగిరి గారు తన ఖర్చుతోనే రెండో తలుపు చేసి పంపారు. అది ఓడలో వెళ్లింది.

ఆఫీసులో రిపోర్టు రాసిచ్చాను. సార్ చదివి, పొరపాటు నాదని ఎందుకు రాయడం, కమ్యూనికేషన్ గ్యాప్ అని రాస్తే చాలదా అన్నారు. మార్చలేదు. కరపత్రం మీది వాక్యం తీసేయమని అడిగాను. ఆలోచిద్దామన్నారు. నేను చదువుకున్న బడిలో అర్థం కాలేదని చేయెత్తిన పిల్లలను చూసి నవ్వేవాళ్లు. అందుకని ఏదీ అడగకుండా, అన్నీ తెలిసినట్టు ఉండటం నాకు అలవాటైంది. మర్యాద అనుకున్నది చాలావరకు అదే. ఇళ్లు కూలిపోయిన వాళ్లకూ ఇళ్ల సామాను చేసేవాళ్లకూ మధ్య నిలబడే పని నాది. అడగడానికి నేను సిగ్గుపడినందుకు నష్టపోయింది ఆ రెండు వైపులా ఉన్నవాళ్లు. వారానికి ఒకసారి సరిత గారు ఫోన్ చేస్తారు. "ఏమన్న తెలిసిందా బిడ్డ?" అంటారు. ఇంకా లేదండీ అంటాను. మంచిది అని, తిన్నవా అని అడిగి పెట్టేస్తారు.

మీరు ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా. సరుకు గురించిన ఏ మాటనూ ఫోన్లో అనువాదం చేసి వదిలేయకండి. ఒకరోజు ముందే షెడ్డుకు వెళ్లండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సిటీ బస్సులో అయితే ఖర్చు పెద్దగా ఉండదు. ఆ మాట ఏ వస్తువుదో చేత్తో ముట్టుకుని చూపించమని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి.