శనివారం సెలవు పెట్టే టీచర్

అహల్య జ్వరమొచ్చినా బడి మానే మనిషి కాదు. అలాంటిది 1981లో, భూపాలపల్లి బడిలో ఉండగా, ఉన్నట్టుండి శనివారం మధ్యాహ్నాలు సెలవు పెట్టడం మొదలుపెట్టింది. హెడ్మాస్టర్ నర్సింగరావు సారు రెండుసార్లు ఊరుకున్నారు. మూడోసారి ఊరుకోలేదు.

"శనివారం వస్తెనే మీ తలకాయ నొస్తదా మేడం? ఆదివారం దాక జర ఆగమనుండ్రి దాన్ని" అన్నారు.

స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. నేను నవ్వకుండా ఉండాల్సింది. నేను హిందీ చెప్పేదాన్ని, తను లెక్కలు. ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండి ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. తను ఎందుకు ఇంట్లో కూర్చుంటోందో ఆ బడిలో నాకొక్కదానికే తెలుసు.

అది తెలియాలంటే పన్నెండేళ్లు వెనక్కి పోవాలి. అహల్యది కొడకండ్లలో భూములున్న ఇల్లు. అరవై తొమ్మిదిలో జనగామ దగ్గరి ఒక ఊరి బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. వచ్చీ రాగానే తెలంగాణ ఉద్యమం, నెలల తరబడి బడులు బంద్. మళ్లీ తెరిచేసరికి ఏడాది చదువు పోయిన పెద్ద పిల్లలు మూతి మీద మీసంతో చిన్నవాళ్ల పక్కన వచ్చి కూర్చున్నారు. వాళ్ల కడుపుమంట నాకు తెలుసు, మా తమ్ముడూ వాళ్లలో ఒకడు. కానీ ఆ మంటంతా చిన్నపిల్లల మీద చూపిస్తే ఎలా?

ఆ బడిలో గోరీ అని ఏడో తరగతి పిల్ల. తండా నుంచి మూడు మైళ్లు నడిచి వచ్చేది. ఆ పెద్ద పిల్లలు గోరీ మాటను వెక్కిరించేవాళ్లు, సంచీ దాచేవాళ్లు. అహల్యకు ఒళ్లు మండింది. శనివారం చివరి గంటలో అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఏడిపిస్తున్నారో చెప్పమంది. గోరీ తల ఎత్తలేదు.

"భయమెందుకే, నేనున్న గద" అని చెయ్యి పట్టుకుని లేపింది.

గోరీ నలుగురి పేర్లు చెప్పింది. అహల్య ఆ నలుగురి వీపులూ బెత్తంతో వాయించి, న్యాయం చేశాననుకుని తృప్తిగా ఇంటికి పోయింది. ఆ సాయంత్రమే చెరువు కట్ట మీద ఆ నలుగురూ గోరీ పుస్తకాలు చింపి నీళ్లలో వేశారు, పిల్లను కొట్టారు. సోమవారం గోరీ రాలేదు. అహల్య వెతుక్కుంటూ తండాకు పోతే వాళ్లమ్మ గంగాబాయి గొంగడి పరిచింది, మంచినీళ్లిచ్చింది. తిట్టలేదు.

"నువ్వుండేది బడిలనే గద టీచరమ్మా. తొవ్వల ఎవలుంటరు?" అని మాత్రం అంది.

గోరీ మళ్లీ బడి ముఖం చూడలేదు. దారిలో ఎవరుంటారన్న ఆ మాట అహల్యను ఈనాటికీ వదల్లేదు.

తర్వాతి వారం నుంచి శనివారం గంటను తిరగేసింది. ఎవరూ ఎవరి పేరూ చెప్పకూడదు. నేను ఎవరిని ఏడిపించాను, ఏం చేశాను, అదొక్కటే చెప్పాలి. చెప్పినదానికి తిట్లు లేవు, దెబ్బలు లేవు. మిగిలినవాళ్లంతా విని, విన్నామన్నట్టు "ఇన్నం" అనాలి, అంతే. మొదట్లో నెలలపాటు ఎవరూ నోరు విప్పలేదట. తనే లేచి, మీ మీద నేను విసుక్కున్న అని చెప్పుకుంటూ పోయిందట.

తర్వాత మానుకోటకు బదిలీ అయింది. అక్కడ ఆరేళ్లు నడిపింది. అక్కడి పెద్ద పిల్లలు చిన్నవాళ్లను వెంటబెట్టుకుని ఇళ్లకు దిగబెట్టే దాకా వచ్చింది. కానీ అక్కణ్ణుంచి వచ్చేసిన ఏడాదికి ఏదో కాగితం పనికని పోతే, పిల్లలు సంబరంగా చుట్టూ చేరి చెప్పారట:

"అహల్య టీచర్ గంట ఇప్పుడు లేదు టీచర్. మీరు పోయిండ్రు గద."

ఆ రాత్రి తను అన్నం తినలేదు. "నా పేరు పెట్టుకున్నరు మనోరమా, నేను పోంగనే అది పోయింది. తొవ్వల మళ్ల ఎవ్వలు లేరు" అంది. అందుకే భూపాలపల్లిలో ఆ గంట బాగా కుదురుకున్నాక, తను లేకుండా నడుస్తుందో లేదో చూడాలని సెలవులు. నన్ను కూడా అటువైపు పోవద్దని ఒట్టు వేయించుకుంది.

మొదటి శనివారం ఏమైందంటే, ఏమీ కాలేదు. పిల్లలు ఆటకు పోయారు. నేను ఇంటికొచ్చేసరికి అహల్య గడపలో నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసి నిజం చెప్పడానికి నా నోరు రాలేదు.

"కూసున్నరు తియ్యి, మంచిగనే నడిసింది" అన్నాను.

రెండో వారమూ అదే, మూడో వారమూ అదే. నా అబద్ధమూ అదే. నాలుగో వారం, పదో తరగతి హన్మంత్ ఆ గంటకు ఎప్పుడూ చాప వేసే ఎనిమిదో తరగతి కమల దగ్గరికి వచ్చి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. బడిలో అందరూ భయపడేది వాడికే.

"ఇగ కూసుండుడు లేదా? నాకొకటి చెప్పుకునేది ఉండె" అన్నాడు.

కమల వెంటనే వరండాలో చాప వేసింది. ఆ రోజు ఐదుగురే కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూసి కళ్లు తుడుచుకున్నాను.

ఎనభై నాలుగులో తనకు బచ్చన్నపేట, నాకు జనగామ బదిలీ అయింది. ఎనభై ఎనిమిది కార్తీకంలో ఇద్దరం కాళేశ్వరం పోతున్నాం. బస్సు భూపాలపల్లిలో ఆగింది. శనివారం, మూడున్నర. అహల్య నాకు చెప్పకుండానే సంచీ తీసుకుని దిగింది. తను బదిలీ అయిన ఏడాది ఆరో తరగతిలో చేరినవాళ్లకు కూడా తను తెలియదు. తను పోయాక వచ్చినవాళ్లే ఇప్పుడు పదో తరగతి. బడి గేటు దాటుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వరండాలో చాప. చుట్టూ నలభై మంది దాకా పిల్లలు. టీచర్లెవరూ లేరు. రామి అనే తొమ్మిదో తరగతి పిల్ల మమ్మల్ని చూసి జరిగి చోటిచ్చింది.

"కూసోండ్రమ్మా. కొత్తోళ్లు ఎవలొచ్చినా ఒకటి చెప్పాలె. వేరేటోళ్ల మీద కాదు, మీరు చేసిందే."

ఇది మొదలుపెట్టిందే ఈమె అని అరవబోయాను. అహల్య నా చెయ్యి నొక్కింది. కూర్చుంది.

"గోరీ అని ఒక పిల్ల ఉండె" అని మొదలుపెట్టింది. మొత్తం చెప్పింది. చెరువు కట్ట, పుస్తకాలు, గంగాబాయి మాట. "లేవనంటే లేపిన. ఆ పిల్ల సదువు నేనే ఆపిన."

"ఇన్నం" అన్నారు పిల్లలు.

పంతొమ్మిదేళ్ల తర్వాత తను వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, నవ్వలేదు. రామి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు మీరు చెప్పుండ్రి."

అహల్య వైపు చూడకుండా చెప్పాను. "మూడు శనివారాలు ఎవ్వలు కూసోకున్నా, కూసున్నరని మా దోస్తుకు అబద్ధం చెప్పిన. ఏడేండ్లాయె."

"ఇన్నం" అన్నారు పిల్లలు ఒక్కసారిగా. వాళ్ల గొంతులు ఆగిపోయాక, పక్కనుంచి ఆలస్యంగా, ముక్కు చీదుకుంటూ, అహల్య కూడా అంది.

"ఇన్నం."