సోహార్‌లో మా మొదటి సర్టిఫికెట్

తొంభైల నడుమ ఒమాన్ దేశంలోని సోహార్‌లో ఒక ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా పనిచేసేదాన్ని. వైద్యానికి వచ్చిన మనిషికి ఆసుపత్రిలో కొత్త జబ్బు అంటకుండా చూడటం నా డ్యూటీ. ఆ పనికి విదేశాలవాళ్ళు పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష ఒకటుంది. దానికి ఒక నర్సును తయారుచేయమని మేట్రన్ నాకు అప్పగించింది. వచ్చిన అమ్మాయిది కరీంనగర్. సర్జికల్ వార్డులో నాలుగేళ్ళుగా చేస్తోంది. ఆ పరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది.

"నాతోని కాదక్కా. ఆ ఇంగ్లీషు ప్రశ్న సమజయ్యేలోపట్నే టైమ్ అయిపోతున్నది," అంది.

పుస్తకం మూయించాను. ఆ నెల వాళ్ళ వార్డులో ఐదుగురికి కుట్లు చీముపట్టాయి. ఆపరేషన్ థియేటర్ మీద అనుమానంతో దాన్ని మూసి కడిగించినా ఆగలేదు. "కారణం కనుక్కో. అదే నీ పాఠం," అన్నాను.

గళ్ళకాగితం మీద మంచాలూ తేదీలూ రాసుకుని, మూడు రోజులు డ్రెస్సింగ్ ట్రాలీ వెంటే తిరిగింది. నాలుగోరోజు నా గదిలోకి పరుగున వచ్చింది.

"థియేటర్ కాదక్కా, సెలైన్ బాటిల్! పొద్దుగాల ఇప్పిన పెద్ద బాటిల్‌నే దినమంత అందరి పుండ్లు కడగనీకి వాడుతున్నరు!"

సీసాను ల్యాబ్‌కు పంపాం. చీములో ఉన్న క్రిమే అందులోనూ దొరికింది.

ఆ సంగతి మీటింగులో ఆమే చెప్పాలన్నాను. సర్జన్ హైదరాబాదీ, కోపిష్టి. కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "అంటే నా థియేటర్‌ది తప్పు లేదంటావ్?" అన్నాడు.

ఆమె గళ్ళకాగితాన్ని ఆయన ముందు పెట్టింది. "లేదు సార్. తప్పు మా వార్డుది. నాలుగేండ్ల సంది నేను గూడ గట్లనే చేసిన."

సర్జన్ ఆ గళ్ళకాగితాన్ని దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశాడు. "రేపట్నుంచి ఒక్కో పేషెంటుకు ఒక్కో చిన్న సీసా. ఈ సిస్టర్ చెప్పినట్టే నడవాలె," అన్నాడు.

మరుసటి నెల ఒక్క కుట్టూ చీముపట్టలేదు.

ఆమె మళ్ళీ పరీక్ష రాసింది. ఈసారి ప్రతి ప్రశ్నలోనూ తన వార్డే కనిపించి, టైమ్ సరిపోయిందట. ఫలితం కవరు వచ్చిన రోజు చింపే ధైర్యం లేక నా చేతికిచ్చి కళ్ళు మూసుకుంది. "పాసయ్యావే!" అని అరిచాను. వార్డంతా చప్పట్లు. కాలికి కట్టుతో ఉన్న ఒమానీ తాతగారు మంచం మీదనుంచే "మబ్రూక్, మబ్రూక్!" అని అరబ్బీలో అభినందిస్తూ తన ఖర్జూరాల డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

ఆ తర్వాతి బ్యాచ్‌లో నలుగురు వచ్చారు. పాఠం ఆమే చెప్పింది. నేను వెనక కుర్చీలో కూర్చుని విన్నాను. నాకంటే బాగా చెప్పింది.