ముప్పై ఆరు దాటాక

ముప్పై ఆరో అంకె దాటాక కూడా కెమెరా లివర్ అడ్డం లేకుండా తిరిగింది. ఇంకోసారి తిప్పాను. మళ్లీ తిరిగింది. ముప్పై ఆరు ఫోటోల రీలు అయిపోతే లివర్ ఎక్కడో ఒకచోట బిగుసుకుని ఆగిపోవాలి. అమీర్‌పేటలోని మా ఫ్లాటు బాల్కనీలో, కరివేపాకు మొక్క ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. కెమెరాకి ఎడమవైపున, రీలుని వెనక్కి చుట్టే చిన్న పిడి ఉంటుంది. దాన్ని వేలితో కొంచెం కదిపాను. లోపల ఏమీ లేనట్టు వదులుగా కదిలింది.

ఆ రీలులో మా అమ్మ చేతులున్నాయి. అమ్మ మొన్న వానాకాలంలో పోయింది.

అమ్మ ఇరవై ఏళ్లు ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసింది. నా డిగ్రీ ఆ వంటింట్లోంచే వచ్చింది. అరటికాయ జిగురు, కంద, చింతపండు రోజూ తగిలి తగిలి ఆమె వేళ్ల కొసల్లో నల్లటి గీతలు పడిపోయాయి. ఎంత తోమినా పోయేవి కావు. నా పెళ్లయ్యాక మాతోనే ఉంది. ఒక వినాయక చవితికి కింద మంటపంలో పులిహోర వడ్డిస్తుంటే పై అంతస్తు ఆవిడ, "ఆంటీ, కొంచెం చేతులు కడుక్కుని వడ్డించండి ప్లీజ్" అంది. అమ్మ అప్పుడే కడుక్కుని వచ్చింది. వెళ్లి మళ్లీ కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత నా ఫోన్లో అమ్మ ఫోటోలు ఎన్ని వెతికినా చేతులు కనబడవు. ఫోన్ ఎత్తగానే కొంగు కిందికి వెళ్లిపోయేవి.

నాకు కాలేజీ రోజుల నుంచి పాత రీలు కెమెరా ఒకటుంది. దాని లెన్స్ దేనికీ మూడడుగుల కంటే దగ్గరగా వెళ్లనివ్వదు. కిందటేడు దాన్ని బాగు చేయించడానికి పంజాగుట్టలో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే, అక్కడ జిప్పు సంచిలో మూడు గుండ్రటి అద్దాలు కనిపించాయి. దగ్గరి వస్తువులు తియ్యడానికి లెన్స్ ముందు స్క్రూలా తిప్పి బిగించుకునేవి. చవకే.

"కెమెరాకు కళ్లద్దాలు మేడం ఇవి," అన్నాడు షాపాయన. "లెన్స్ తిప్పుడు కాదు, మీరే జర ముందుకు ఎన్కకు జరగాలె. ఊపిరి ఆపాలె."

"పెద్ద లెన్స్‌తో తీసినట్టే వస్తుందా?"

"యాడొస్తది? అంచులు మసకైతయి. నడుమల మస్తొస్తది. పెద్ద లెన్స్ కొనేటోళ్లు నా దుకాణం మెట్లెందుకు ఎక్కుతరు చెప్పుండ్రి!"

ఆ వచ్చిన ఆదివారం పొద్దున్న అమ్మ బాల్కనీ గడప దగ్గర కత్తిపీట ముందు కూర్చుంది. కొన్న మూడు అద్దాల్లో అన్నిటికంటే మందంగా ఉన్నది కెమెరాకి బిగించి ఎదురుగా కూర్చున్నాను.

"మొహం వదిలేసి చేతులేంటే? అందులోనూ ఈ చేతులు!"

"ఇది ఫోన్ కాదమ్మా, రీలు. కడిగించేదాకా నాక్కూడా కనపడదు."

"మన అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టవుగా?"

"పెట్టడానికి రాదు."

"అయితే తియ్యి. తొందరగా. పప్పు మాడుద్ది."

ఆ అద్దంతో జానెడు దూరంలోకి వెళ్తేగానీ స్పష్టంగా కనిపించదు. ఒక్క వేలెడు జరిగినా అంతా మసకైపోతుంది. కాబట్టి అమ్మ చేతుల మీదికి వంగి, నడుమంతా ముందుకూ వెనక్కీ ఊపుతూ ఊపిరి బిగబట్టాను. యూకేజీ చదివే మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, అమ్మ నీ చెయ్యి తినేస్తోంది!" అని అరిచాడు.

"తిననీరా, దానికి కొత్తేం కాదు," అంది అమ్మ. "పదేళ్లొచ్చేదాకా ఈ చేత్తో పెడితేగానీ తినేది కాదు మీ అమ్మ."

రెండో తరగతి చదివే మా అమ్మాయికి అది మహా సంతోషం. "పదేళ్లా? ఛీ, అమ్మా!"

అమ్మ నవ్వుతుంటే వేళ్లు కదిలాయి. మళ్లీ మొదలు. నేను పెద్దదాన్నయ్యాక అమ్మకి అంత దగ్గరగా, అంతసేపు ఉన్నది ఆ ఒక్క పొద్దునే. జీలకర్ర వాసన, కొద్దిగా తలనూనె వాసన వచ్చాయి.

గ్యాస్ మూడుసార్లు చూస్తాను. తలుపు తాళం రెండుసార్లు లాగి చూస్తాను. పిల్లల బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే కిందికి దిగి నిలబడతాను. కానీ ఆ రీలు ఎక్కించిన రోజు కుక్కర్ కూతలు పెడుతోంది, పిల్లలిద్దరూ కొట్టుకుంటున్నారు. రీలు కొసని కెమెరా లోపల దాన్ని చుట్టుకునే చక్రంలో దూర్చి, మూత మూసేశాను. లివర్ తిప్పేటప్పుడు ఎడమవైపు పిడి కూడా తిరుగుతోందో లేదో చూడాలి. అది తిరిగితేనే లోపల రీలు కదులుతున్నట్టు. చూడలేదు. రీలు కదలకపోయినా అంకెలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి.

అమ్మ పోయేనాటికి ఇంకో మూడు ఫోటోలు మిగిలాయని అంకె చెప్పింది. వాటిని తియ్యడానికి చెయ్యి రాలేదు. అవి తీస్తే రీలు అయిపోతుంది. "అమ్మమ్మ ఫోటోలేవి?" అని పిల్లలు అడిగినప్పుడల్లా స్టూడియోలో ఉన్నాయని చెబుతూ వచ్చాను. చిన్నవాడు ఈమధ్య అమ్మమ్మ గురించి మాట్లాడటం తగ్గించాడు. మరిచిపోతున్నాడేమోనన్న భయంతోనే, ఆ మూడూ తీసేసి రీలు కడిగిద్దామని ఆరోజు కరివేపాకు మొక్క ముందు కూర్చున్నాను.

మూత తియ్యకుండా కెమెరాని అలాగే పట్టుకుని, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య సందులో ఉన్న స్టూడియోకి నడిచాను. ఇప్పటికీ రీళ్లు కడిగేవాళ్లలో నాకు తెలిసింది అక్కడి పెద్దాయన ఒక్కడే. వెలుతురు చొరబడని నల్ల సంచిలో కెమెరా పెట్టి, చేతులు దూర్చి, కళ్లు మూసుకుని లోపల తడిమాడు. ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాను.

"అమ్మా, గిది చక్రానికి పట్టనే లేదు. కొస జారింది. ఒక్కటి సుత పడలే."

"ఒక్కసారి కడిగి చూడండి. మధ్యలో ఏమైనా..."

"మధ్యల ఎట్లొస్తది? ముందుకే పోలే కదా. ఉత్త రీలు కడుగుడైతది." సంచిలోంచి కెమెరా తీసి నా ముందు పెట్టాడు. "ఫికర్ చేయకు. రీలు కొత్తదే ఉన్నట్టు. మళ్లా ఎక్కిచ్చుకో, ముప్పై ఆరు తీస్కో."

మంచి మాటే చెప్పాడు. అవి ఏం ఫోటోలో ఆయనకి తెలియదు. బయటికొచ్చి మెట్రో స్తంభం నీడలో కాసేపు నిలబడ్డాను. జనం తోసుకుంటూ పోతున్నారు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక నోటు పుస్తకం తీసుకుని, జానెడు దూరం నుంచి చూసినవన్నీ రాయడం మొదలుపెట్టాను. కుడి బొటనవేలి మీద అడ్డంగా కత్తిపీట గాటు. మణికట్టు దగ్గర, చిక్కుడు గింజంత, నూనె చింది కాలిన మచ్చ. ఉంగరం వేలు కొంచెం పక్కకి వంగి ఉండేది, అది ఏ వైపుకో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఎడమకా, కుడికా? లేచి వంటింట్లోకి వెళ్లి, నా వేలు అటూ ఇటూ వంచి చూసుకున్నాను. తెలియలేదు.

ఫోటోలు స్టూడియోలోనే పోయాయని పిల్లలకి చెప్పేస్తే సరిపోతుందని కూడా అనుకున్నాను. కానీ పిల్లలు రోజూ సాయంత్రం ఆడుకోవడానికి ఆ సందులోంచే వెళ్తారు, ఆయన్ని చూసినప్పుడల్లా పోగొట్టింది ఈయనే అనుకుంటారు.

మర్నాడు పొద్దున్న ఇడ్లీ ప్లేట్లు ముందు పెట్టి చెప్పాను: "అమ్మమ్మ ఫోటోలు స్టూడియోలో లేవు. నేను అబద్ధం చెప్పాను. రీలు సరిగ్గా ఎక్కించలేదు, తప్పు నాదే. ఒక్క ఫోటో కూడా పడలేదు, ఇక రావు. అమ్మమ్మ చేతుల గురించి నాకు గుర్తున్నవి రాసిపెట్టాను, కొన్ని నాకూ గుర్తు రావట్లేదు. మీకేం గుర్తుందో చెప్పండి, అవీ రాస్తాను. బస్సు రావడానికి ఇంకా టైముంది. ముందు ఎవరు చెప్తారు?"