బూట్లు విప్పిన పాపానికి

నేను చెప్పే ఏ మాటనైనా నాలుగుతో భాగించి నమ్మమని మా ఆవిడ బంధువులందరికీ ముందే చెప్పి ఉంచింది. న్యాయమే. జ్వరం వంద దాటితే దాన్ని నూట ఎనిమిది చెయ్యకుండా ఉండలేను. లండన్ శివార్లలో మేముండే ఇల్ఫర్డ్‌లో రెండు చినుకులు పడితే వరంగల్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్‌లో వరద తెప్పిస్తాను. కాబట్టి ఇక్కడా కొంత పెంచుతాను. అసలు అబద్ధం ఏదో చివర్లో ఒప్పేసుకుంటాను, అందాకా భాగిస్తూ చదవండి.

మా పక్కింటి దంపతులు పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్లు. పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన ఇంగ్లీషులో సగం పోర్చుగీసు, నా ఇంగ్లీషులో సగం వరంగల్. మిగిలిన రెండు సగాలతో పన్నెండేళ్లుగా గోడ మీదుగా మా కబుర్లు నడుస్తున్నాయి.

పోయిన చలికాలం ఆయన భార్యకు గుండె ఆపరేషన్ అయింది. ఆవిడ క్షేమంగా ఇంటికొస్తే ఎండాకాలం ఉత్సవంలో మేరీమాత పల్లకీ వెనక ఒట్టి కాళ్లతో నడుస్తానని ఆయన మొక్కుకున్నాడు. ఆవిడ ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే ఆయన్ని తిట్టడం కూడా మొదలుపెట్టింది. అంతా బాగుందనుకుంటుండగా ఈయనగారి షుగరు అరికాల్లో పుండై తేలింది. ఒట్టి కాళ్లతో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదని, ఇంట్లో అయినా సరేనని, డాక్టరు దగ్గరి నర్సు ఖండితంగా చెప్పేసింది.

"నేను మాటిచ్చింది దేవుడి తల్లికి. నర్సుకు కాదు," అన్నాడాయన గోడ మీదుగా.

"నర్సు మాట వినకపోతే ఉత్సవానికే తీసుకెళ్లను," అంది వెనక నుంచి పెద్దావిడ. కారు నడిపేది ఆవిడే మరి.

ఉత్సవం జరిగే ఆదివారం మా ఇద్దర్నీ కూడా రమ్మన్నారు. నలుగురం దక్షిణ లండన్‌లోని వాళ్ల చర్చికి బయల్దేరాం. దారి పొడుగునా ఆయన తన బూట్లవంక, కోర్టులో తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ఇద్దరు బామ్మర్దులను చూసినట్టు చూశాడు.

చర్చి ముందు వీధి నిండా జనం. చేపలు కాలుస్తున్న పొగ థేమ్స్ దాటి రాజుగారి ప్యాలెస్ దాకా వెళ్లే ఉంటుంది. బ్యాండు మొదలైంది. ఎనిమిది మంది భుజాల మీద, పూలలో మునిగిపోయిన మేరీమాత చర్చి తలుపులోంచి బయటికి వచ్చింది. అంతే! నా ప్రమేయం లేకుండా నా కాళ్లు బూట్లు వదిలేశాయి. పల్లకీ కనబడగానే చెప్పులు విప్పడం మాకు, తుమ్మొస్తే కళ్లు మూసుకోవడంలాంటిది. సాక్సులు కూడా మడిచి గేటు పక్కన పెట్టాక చూస్తే, అక్కడ బూట్ల గుట్టేమీ లేదు. ఉన్నది నా ఒక్క జతే.

"నలుగురు ఏం జేస్తున్నరో సూసి చెయ్యరాదా మీరు?" అంది మా ఆవిడ.

నేను జవాబు చెప్పేలోపే నల్ల బట్టలు కట్టుకున్న ఒక ముసలావిడ నా పాదాలు చూసింది. నా భుజం నిమిరి, ల్యాంపు స్తంభమంత కొవ్వొత్తి చేతిలో పెట్టింది. జనం రెండుగా చీలి నాకు దారిచ్చారు. ఒకాయన నన్ను తీసుకెళ్లి నేరుగా పల్లకీ వెనక మొదటి వరసలో నిలబెట్టాడు. తిరుపతిలో మంత్రిగారి ఉత్తరం ఉన్నా ఇంత దగ్గర దర్శనం దొరకదు. ఇన్నేళ్లకు ఈ దేశంలో నా భక్తిని ఎవరో గుర్తించారని పొంగిపోయాను.

పెద్దాయన ఆయాసపడుతూ నా పక్కకు చేరాడు. ముఖం పాలిపోయింది.

"ఇంట్లో ఎవరికి బాగాలేదు? నాకెందుకు చెప్పలేదు?"

"అందరూ బాగానే ఉన్నారే!"

"మరి బూట్లెందుకు విప్పావు? ఇక్కడ ఒట్టి కాళ్లతో నడిచేది పెద్ద మొక్కు ఉన్నవాళ్లే."

వరసలో అటూ ఇటూ చూశాను. అందరివీ ఒట్టి కాళ్లే, ఇంటి నుంచే అలా వచ్చినట్టున్నారు. అందరి ముఖాల్లోనూ ఏదో గండం గడిచిన అలసట. వాళ్ల మధ్య నేను, పొద్దున్నే ఎనిమిది ఇడ్లీలు తిని వచ్చినవాణ్ణి. సిగ్గుతో కొవ్వొత్తి కంటే ముందు నేనే కరిగిపోయాను.

పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నీకు మొక్కు లేదు. నాకు కాళ్లు లేవు. నాది నువ్వు నడుస్తావా?"

"తప్పకుండా," అన్నాను వెంటనే, ఛాతీ విరిచి.

"వేరేవాళ్లు నడిస్తే చెల్లుతుందో లేదో..." మళ్లీ ఆయనకే సందేహం.

"ఆపరేషన్ నాది, గుండె నాది. నాకు సమ్మతమే. నడవనీ," అంది పెద్దావిడ.

నడిచాను. ఆ మధ్యాహ్నం భూమధ్యరేఖ దారి తప్పి సరిగ్గా ఆ వీధిలోంచే పోయింది. తారు మీద దోసె పోస్తే తిరగెయ్యకుండానే కాలేది. చుట్టుపక్కల గులకరాళ్లన్నీ నా అరికాళ్లను వెతుక్కుంటూ వచ్చాయి. పెద్దాయన మాత్రం డ్రైవింగ్ టెస్టు పెట్టే ఆఫీసరులా పక్కనే నడుస్తూ నా పాదాల మీంచి చూపు తియ్యలేదు.

"తెల్లగీత మీద నడవకు. అక్కడ నున్నగా ఉంటుంది."

"కాళ్లు కాలుతున్నాయి అంకుల్!"

"కాలాలి. గీత మీద నడుస్తానని నేను మొక్కుకోలేదు."

రోడ్డు మీద చల్లిన పూలరేకుల మీద కాలు పెట్టబోతే, మెత్తగా ఉంటాయని అదీ వద్దన్నాడు.

"మంచిగనే జెప్తున్నడు, ఇనుండ్రి," అంది వెనక నుంచి మా ఆవిడ, చల్లటి నిమ్మరసం తాగుతూ.

వీధులు తిరిగి మళ్లీ చర్చి గుమ్మం కనబడగానే పెద్దాయన ఆగిపోయాడు. "బాగానే నడిచావు. కానీ మాటిచ్చింది నేను. ఇక్కణ్ణుంచి నేనే," అంటూ వంగి తన బూట్ల తాళ్లు విప్పబోయాడు.

పెద్దావిడ ఆ తాళ్ల మీద చెయ్యి వేసి ఆపింది. ఇద్దరూ పోర్చుగీసులో పోట్లాడుకున్నారు. బ్యాండు వాళ్లకు తమ పాట తమకే వినబడలేదు. చివరికి ఆవిడ తన చెప్పులు విప్పేసింది. వాటిని నా చేతిలో పెట్టి, మొగుడి చెయ్యి పట్టుకుని, ఒట్టి కాళ్లతో గుమ్మం వైపు నడిచింది. పక్కన ఆయన బూట్లతోనే నడుస్తూ బావురుమన్నాడు.

పల్లకీ లోపలికి వెళ్తుండగా భార్యను అడిగాడు. "చెల్లిందంటావా?"

"నేను ఇంటికి రావాలనే కదా మొక్కావు! వచ్చాను. మేరీమాత ఎదుటే నడిచి చూపించాను. ఇంకేం కావాలట ఆవిడకు? కళ్లు తుడుచుకో."

ఆయన తుడుచుకున్నాడు. తర్వాత ఒక్కడే కూర్చుని ప్లేటుడు చేపలు తిన్నాడు. తన ఆపరేషన్ తర్వాత ఇన్ని నెలల్లో ఆయన అలా తినడం చూళ్లేదని పెద్దావిడ మా ఆవిడతో మెల్లగా అంది.

ఇక నా సంగతి. కొవ్వొత్తి జానెడే. ఊరేగింపు అరగంటే. దోసెను మీరెలాగూ నమ్మి ఉండరు. ఇవన్నీ పెంచినవి. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే. పెద్దాయన నడుస్తావా అని అడిగినప్పుడు నేను "తప్పకుండా" అనలేదు. "ఉండండి అంకుల్, బూట్లు తెచ్చుకుని వస్తా" అన్నాను.

"ఏడికి పోరు. తప్పకుండ నడుస్తరు," అన్నది మా ఆవిడ.