సముద్రానికి సబ్బు పట్టుకెళ్లిన వాళ్లం

విశాఖపట్నంలో రెండు రోజులు ఎలా గడపాలో ఒక కాగితం మీద రాసుకున్నాను. అది చూసి మా ఆయన నవ్వాడు. ఆయన పనిచేసేది ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగు మిల్లులో. పత్తి వచ్చే రోజుల్లో సెలవు దొరకదు కాబట్టి, నవ్వడం తప్ప ఆ కాగితంతో ఆయనకు వేరే పనిలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అవ్వ, కాస్త నడిస్తే అలిగే నా తొమ్మిదేళ్ల కూతురు, ఎవరి మాటా వినని మా బాపు. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ఈ ముగ్గురినీ ఎండ ముదరకముందే ఎక్కడ తిప్పాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎన్ని గంటలకు ఏం తినిపించాలో అంతా అందులో ఉంది. నేను బడి పంతులమ్మను. టైంటేబుల్ లేకపోతే నాకు అన్నం కూడా సహించదు.

ఈ ప్రయాణం అవ్వ కోరిక. జమ్మికుంట పక్క పల్లెలో పుట్టి, ఇంకో పల్లెకు కోడలిగా వచ్చిన మనిషి. ధర్మపురి దగ్గర గోదావరిని మించిన నీళ్లు ఆమె చూడలేదు. బాపు మాత్రం పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో, అదీ సముద్రం పక్కనే ఉన్నాడు. ఓడరేవు దగ్గర కంపెనీ, స్టోరులో పని, కిటికీ తీస్తే నీళ్లు. శుక్రవారం సెలవు. ఆ సాయంత్రాలు సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని మాకు ఫోన్ చేసేవాడు. ఇది నేను చదువుకునే రోజుల్లో బడిలో ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు.

అవ్వకు మాత్రం ఒళ్లు మండేది. "నేనీడ పత్తి ఏరుకుంట గోర్లు పలగొట్టుకుంటున్న. ఈయన ఆడ అలలు సూసుకుంట కూసుంటున్నడు" అనేది. ఆయన తిరిగొచ్చి పదేళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు. చివరికి ఈ చలికాలం ఒకరోజు తేల్చి చెప్పింది.

"గన్ని శుక్రవారాలల్ల నాకొక్కటన్న ఇయ్యాలె. నా చెయ్యి వట్టుకోని నీళ్లల్లకు తోల్కపోవాలె. ఇద్దరం కాళ్లు వెట్టుకోని కూసోవాలె. గంతే."

బాపు గొంతు సవరించుకుని "పోదాం తియ్" అన్నాడు. ఆ గొంతు సవరింపు నేను అప్పుడు పట్టించుకోలేదు.

మూట కట్టేటప్పుడు అవ్వకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ధర్మపురి పద్ధతి. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నీళ్లలో వెయ్యడానికి చిల్లర పైసలు, ఇత్తడి చెంబు, విడిచి కట్టుకోవడానికి రెండేసి జతల బట్టలు. వాటి మీద ఒక సబ్బు. సముద్రంలో సబ్బు పనికొస్తుందా అని నాకు అనుమానం వచ్చింది. బాపునే అడిగాను.

"పద్దెనిమిదేండ్లు ఆడున్నోన్ని, నాకు చెప్తున్నవా బిడ్డా? ఉప్పునీళ్లాయె. మురికి ఇంక మంచిగ పోతది. రెండు పెట్టుకో" అన్నాడు.

రెండు పెట్టుకున్నాను. అనుభవం ఉన్న మనిషి మాట కదా.

వరంగల్లులో రైలెక్కి తెల్లారేసరికి విశాఖలో దిగాం. పిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకు ఒక మాట చెప్తాను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద కాసేపు బండ్లు రానివ్వరు. ఆ వేళకు వెళ్లండి. ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. పరుగెత్తేవాళ్లు, చక్రాల బూట్లు వేసుకున్న పిల్లలు, గుంపుగా నిలబడి ఊరికే పకపకా నవ్వే పెద్దమనుషులు. ఆ నవ్వేవాళ్లను చూసి అవ్వ ఆగిపోయింది.

"వీళ్లకేమైంది?"

"ఆరోగ్యం కోసం నవ్వుతరు అవ్వా."

"మా ఇంటికి రమ్మను. మీ బాపును సూస్తె ఉత్తగనే నవ్వొస్తది."

తర్వాత ఇసుకలోకి దిగాం. అవ్వ సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. చెంగు తల మీదికి లాక్కుని దండం పెట్టింది. తడి ఇసుక దాకా వెళ్లకుండా దూరం నుంచే పసుపు, కుంకుమ చల్లి కొబ్బరికాయ విసిరింది. గోదావరిలో వేసింది గోదావరితోనే పోతుంది. ఇక్కడ వెనకాలే వచ్చిన అల ఆ కాయను తెచ్చి మళ్లీ ఇసుక మీద పెట్టింది. నా కూతురు పరుగెత్తి తెచ్చి ఇచ్చింది. అవ్వ మళ్లీ విసిరింది. మళ్లీ వచ్చింది. మూడోసారి అవ్వకు కోపం వచ్చింది.

"వద్దంటె ముందుగాల్నే చెప్పాలె గద" అని సముద్రాన్ని కసిరి, కాయను సంచిలో వేసుకుంది.

నేను, నా కూతురు నీళ్లలోకి దిగి సబ్బు తీశాం. ఎంత రుద్దినా నురుగు రాదు. ఒంటికి జిడ్డులా అంటుకుంది, దాని మీద ఇసుక అంటుకుంది. పక్కన స్నానం చేస్తున్న కుటుంబం మొత్తం మమ్మల్నే చూస్తోంది. నా కూతురికి సిగ్గు అనేది లేదు.

"తాతా! నురుగు వస్తలేదు!" అని అరిచింది.

బాపు రోడ్డు పక్కన బెంచీ మీద సంచులన్నీ చుట్టూ పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచే "గది నకిలీ సబ్బు! రెండోది రుద్దు!" అని అరిచాడు. రెండోదీ నకిలీదే అయింది.

అవ్వ మాత్రం పాదం కూడా తడుపుకోలేదు. "నువ్వొస్తెనే నేను దిగుత, రా" అని బాపును పిలిచింది.

"సంచులు ఎవలు సూస్తరే? నాకేమన్న సముద్రం కొత్తనా? మీరు కానియ్యుండ్రి" అన్నాడు ఆయన.

ఆ రోజంతా అదే తంతు. ఒడ్డున నిలబెట్టిన పాత జలాంతర్గామిని చూద్దామంటే అందరికంటే ముందు లోపల దూరాడు. కైలాసగిరి మీద పిల్లల రైలెక్కి కొండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆ రైలు గొప్పగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తప్పకుండా ఎక్కాలి. నడిచే పనిలేకుండా ఊరంతా, సముద్రమంతా కిటికీలోకి వస్తుంది. బాపు కిటికీలోంచి కిందికి చూసి "గీడికెల్లి సూస్తెనే మంచిగుంటది సముద్రం" అన్నాడు. సాయంత్రం మళ్లీ నీళ్ల దగ్గరికి వెళ్దామంటే కాళ్లు గుంజుతున్నాయన్నాడు. నా కాగితంలో 'అవ్వ, బాపు నీళ్ల ఒడ్డున, అరగంట' అని రాసిన వరుస అలాగే మిగిలిపోయింది. ఎదురుగా భార్య చిన్నపిల్లలా అడుగుతుంటే ఒక్క పది నిమిషాలు దిగడానికి ఈయనకు ఏం పోయింది?

రెండో రోజు భీమిలి వెళ్లాం. చిన్న ఊరు, తీరిగ్గా నడవొచ్చు. గడియారం స్తంభం, దీపస్తంభం, సముద్రం దగ్గరే వందల ఏళ్ల నాటి డచ్చివాళ్ల సమాధులు. సమాధుల మీద చెక్కిన అక్షరాలు మాకు అర్థం కాలేదు. వీళ్లంతా వ్యాపారం కోసం సముద్రం దాటి వచ్చి ఇక్కడే చనిపోయారని నా కూతురికి చెప్పాను.

అవ్వ ఒక సమాధి మీద ఎండుటాకులు చేత్తో తుడిచింది. "గీళ్లు గూడ బతుకవచ్చినోళ్లేనా? పాపం, ఇంటికాడి ఆడోళ్లకు ఏం చెప్పి వచ్చిండ్రో" అంది.

బాపు ఆ మాటకు అక్కడి నుంచి లేచి గేటు దాకా వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆయన ఆకలికి లేచాడనుకుని కంకులు కాల్చే బండి కోసం వెతికాను.

మధ్యాహ్నం దాటాక మళ్లీ విశాఖ బీచ్‌కు వచ్చాం. రాత్రికి రైలు. ఇక మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే. అవ్వ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని తడి ఇసుక అంచున నిలబడింది. రమ్మని పిలవలేదు. ఊరికే నిలబడింది. ఆ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

బాపుతో ఇవాళ తేల్చుకుందామని తిరిగేసరికి, నా కూతురు ఒంటె ఎక్కుతానని మారాం మొదలుపెట్టింది. బీచ్‌లో పిల్లలను ఎక్కించుకుని తిప్పే ఒంటె అది. రంగు రంగుల కుచ్చులు, కాళ్లకు గజ్జెలు. దాని యజమాని తాడు పట్టుకుని కూర్చోమంటున్నాడు. అది మెడ అటూ ఇటూ తిప్పుతోంది తప్ప కూర్చోదు.

బాపు లేచాడు. సంచులు బెంచీ మీద వదిలేసి మరీ లేచాడు. తిన్నగా ఒంటె పక్కకు వెళ్లి మెడ కింద చెయ్యి వేసి, "ఇఖ్... ఇఖ్..." అన్నాడు. ఒంటె ముందుకాళ్లు మడిచింది, తర్వాత వెనుక కాళ్లు. బుద్ధిగా కూర్చుంది.

"ముక్కుతాడు బిగుసుకున్నది దీనికి. గందుకే మొండికేస్తుంది. జర ఒదులు చెయ్యి" అన్నాడు బాపు.

యజమాని నోరు తెరిచాడు. "ఏటి బాబాయ్, ఒంటెల్ని కాసినోళ్లలాగే ఉన్నారు మీరు! దీని మాట మీకెలా తెలుసు?"

బాపు చెయ్యి ఇంకా ఒంటె మెడ మీదే ఉంది. మెల్లగా నిమురుతున్నాడు. నా కూతురు ఒంటె మీద నుంచి "తాతా, నువ్వు స్టోర్ల పనిచేసినవు గదా?" అని అడిగింది. పిల్లలకు ఎక్కడ ఏం అడగకూడదో తెలియదు.

అవ్వ తడి ఇసుక నుంచి వెనక్కి వచ్చింది. బాపు ముఖం చూసింది. యజమాని నా కూతురిని తిప్పడానికి తీసుకెళ్లాక, బాపు అక్కడే ఇసుకలో కూలబడ్డాడు.

"నేను సముద్రం కాడ లేను" అన్నాడు. "సముద్రాన్ని విమానంలకెల్లి సూసిన. పోంగ, రాంగ. ఓడరేవుల పనని చెప్పి తోల్కపోయిండ్రు. దిగినంక ఎడారిల ఒంటెల కాడ ఇడిసిపెట్టిండ్రు. పద్దెనిమిదేండ్లు గాటినే కాసిన."

మొదట నాకు వచ్చింది జాలి కాదు, కోపమే. బడిలో నేను చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. అవ్వ మాత్రం చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి శుక్రారం?"

"ఒంటెలకు శుక్రారం ఎరుకనా? సెలవేడిది? ఇసుక గుట్ట మీదికెక్కితె సిగ్నల్ వస్తుండె. గాడికెల్లి మాట్లాడేటోన్ని."

"సముద్రం సప్పుడు ఇనవెడితివి గద ఫోన్ల."

"గాలి అది."

అవ్వ ఆయన పక్కన కూర్చుంది. "ఎందుకు చెప్పలే?"

బాపు ఇసుకలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "ఫోన్ చేసినప్పుడల్లా మంచిగున్నవా అని అడుగుతుంటివి. మంచిగున్నోడు ఏడుంటడా అని సోంచాయించిన. సముద్రం ఒడ్డుకు కూసుంటడు అనిపిచ్చింది. ఒక్కసారి చెప్పిన. ఇగ మల్ల ఆ మాట మర్లిచ్చుడు నాతోని కాలే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. నేను బడిలో కొత్త బట్టలు వేసుకుని సముద్రం కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు మా బాపు ఇసుక గుట్ట ఎక్కి సిగ్నల్ వెతుక్కుంటున్నాడు. ఏడ్చాను, అక్కడే, అందరూ చూస్తుండగానే.

అవ్వ ఏడవలేదు. ఆమెకు తిట్లే వచ్చాయి. "పద్దెనిమిదేండ్లు తిట్టుకున్న నిన్ను! పత్తి చెట్టు చెట్టుకు ఒక తిట్టు తిట్టిన! గన్ని తిట్లు తిట్టిపిచ్చుకుంటివి గదయ్యా ఉత్తపుణ్యానికి!" అంటూ ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత లేచి ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. "లే. దిగుదాం."

"నాకు భయమైతుందే" అన్నాడు బాపు. నీళ్లలోకి దిగకపోవడానికి రెండు రోజుల్లో ఆయన చెప్పిన కారణాల్లో మొదటి నిజం అదేననుకుంటాను.

"నాకు గాదా? లే."

ఇద్దరూ వెళ్లారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది అవ్వే. మొదటి అల పాదాల కింద ఇసుకను లాగేసరికి బాపు "ఓయవ్వో" అని ఆమె భుజం గట్టిగా పట్టుకున్నాడు. వరినాట్ల బురదలో నిలబడ్డ కాళ్లు అవ్వవి, అవి కదల్లేదు. ఇద్దరూ నీళ్ల అంచున చతికిలబడ్డారు. ఒంటె దిగిన నా కూతురిని పట్టుకుని నేను వెనకాలే కూర్చున్నాను.

"ఊర్లె ఎవ్వలకు చెప్పకుండ్రి" అన్నాడు బాపు, మా వైపు తిరగకుండానే.

"ఎందుకు చెప్పం? దొంగతనం చేసినవా?" అంది అవ్వ. "నువ్వు గన్నేండ్లు ఏడున్నవో నాకే ఎరుకలేకపాయె. నా మొగడు ఏడున్నడో నాకన్న ఎరుకుండాలె గద. చెప్పు. దిగిన దినం కాడికెల్లి చెప్పు. ఒక్కటిడువద్దు."

బాపు గొంతు సవరించుకున్నాడు. ఎంత చిన్న గదిలో పెట్టారో, మొదటి ఒంటె ఎలా తన్నిందో, నీళ్ల బండి ఎన్ని రోజులకొకసారి వచ్చేదో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. చుట్టూ జనం ఫొటోలు దిగుతున్నారు. అవ్వ రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని బాపు ముఖం వైపు తిరిగి కూర్చుంది. అలలు వచ్చి ఆమె చీరను నడుము దాకా తడిపి పోతున్నాయి. రైలుకు టైం అవుతోందని నేను పిలిచేదాకా ఆమె ఒక్కసారి కూడా సముద్రం వైపు చూడలేదు.