బోరబండలో ప్రార్థన వినిపించని డిసెంబరు

2003 నవంబరు ఆఖరి వారం. ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కే దారిలో ఉన్న ఒక చిన్న ఇ.ఎన్.టి. ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పాడైన గొంతును దారిలో పెట్టడం నా పని. అప్పట్లో మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది సినిమాలకు డబ్బింగ్ చెప్పేవాళ్లు, మిగతా సగం కొత్తగా వెలిసిన కాల్ సెంటర్ల పిల్లలు. ఈ పిల్లలు తమది కాని యాసలో రాత్రంతా మాట్లాడి, పొద్దున్నే సొంత పేరు కూడా పలకలేక వచ్చేవాళ్లు. అందరికీ నేను రాసే మొదటి మందు ఒకటే, నోరు మూసుకోవడం. ఎవరికీ గొంతు దిగని మందూ అదే.

కృప బోరబండ అమ్మాయి. పాతికేళ్లుంటాయి. సినిమాల్లో సంత గోల, పెళ్లివారి సందడి, అవసరమైతే హీరోయిన్ల కేకలూ ఏడుపులూ, ఇవన్నీ చాలా ఏళ్లుగా ఆమె గొంతులోంచే వచ్చేవి. ఎవరి పేరో వేసుకుని తెర మీద మెరిసే ఆడపిల్లలు భయపడాల్సి వస్తే ఈమెను పిలిచేవాళ్లు. అలాంటిది మొదటిసారి ఒక సినిమా మొత్తం హీరోయిన్‌కు చెప్పే అవకాశం వచ్చింది. జనవరి మొదట్లో డబ్బింగ్. సరిగ్గా అప్పుడే గొంతు బొంగురుపోయింది. మాటలో సగం గాలే వస్తోంది.

డాక్టర్‌గారు లారింగోస్కోపీ చేశారు. అంటే నోట్లోంచి సన్నని గొట్టం లాంటి కెమెరా పెట్టి స్వరతంత్రులను టీవీలో చూడడం. రెండు తంత్రుల మీదా వోకల్ నాడ్యూల్స్ కనిపించాయి. పార పట్టిన చేతికి కాయలు కాస్తాయే, అలాంటివే. చుట్టూ వాపు.

“క్రిస్మస్ దాకా చూద్దామండీ. తగ్గకపోతే సర్జరీయే. చేశాక గొంతు కోలుకోవడానికి టైం పడుతుంది. జనవరి పని మాత్రం మర్చిపోండి,” అన్నారాయన.

కృపకు పూర్తి వాయిస్ రెస్ట్ రాశాను. ఒక్క మాట వద్దు, గుసగుస అసలే వద్దు, గుసగుస మాట కన్నా చెడ్డది. చిన్నపిల్లల పలక ఒకటి కొనుక్కుని చెప్పాల్సిందంతా దాని మీద రాసుకోమన్నాను. ఆమె తరఫున మాట్లాడడానికి వాళ్లమ్మ సుగుణమ్మ తోడు వచ్చేది. సుగుణమ్మ గొంతు గురించి నేను చెప్పక్కర్లేదు, మా వెయిటింగ్ హాల్లో అందరికీ తెలుసు.

వారం తర్వాత చూస్తే కాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాపు ఇంకాస్త పెరిగింది. నాకు ఒళ్లు మండింది.

“నిజం చెప్పమ్మా, మాట్లాడింది కదూ?” అని సుగుణమ్మను నిలదీశాను.

“ఏసయ్య సాక్షి మేడం, ఒక్క మాట మాట్లాడలే. పొద్దుగాల ప్రార్థన తప్ప.”

“ప్రార్థనా? మనసులోనే కదా?”

“మనసులనా? గదేం ప్రార్థన మేడం? మా ఇంట్ల రోజూ కూడిక ఉంటది. అందరం గొంతెత్తి చేస్తం. ఇది అందరికన్న గట్టిగ చేస్తది. గొంతు రావాలనే గద అడుగుతుంది!”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గొంతు ఇప్పించమని ఆ పిల్ల రోజూ తెల్లవారుజామున గొంతు చించుకుంటోంది. వాళ్లింట్లో ఎవరికీ అది మాట్లాడడం అని తట్టలేదు. మాట్లాడడం మనుషులతో కదా!

“అది కూడా ఆపాలి,” అన్నాను కటువుగా.

కృప తల అడ్డంగా ఊపింది. పలక తీసుకుని గబగబా రాసి నా ముందు పెట్టింది. సుగుణమ్మకు చదువు రాదు, అందుకని నేనే పైకి చదివాను. “నేను నోరు మూసుకుంటే దేవుడు నన్ను మర్చిపోతడు.”

నేను కూడా విశ్వాసినే. వేదాంతం చెప్పబోయాను. బతుకుదెరువు పోతుందన్న భయంలో ఉన్న పిల్ల చేతిలోంచి ఉన్న ఒక్క ఆసరా లాగేసుకుంటున్నానని అప్పుడు తెలిసింది. నాకు చాలా బాధేసింది.

అప్పుడు సుగుణమ్మ కూతురి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గించగా విన్నాను.

“పిచ్చి బిడ్డా, నా కడుపుల ఉన్నప్పుడు ఏం మాట్లాడినవే నువ్వు? ఒక్క దినమన్న నిన్ను మర్చిపోయిన్నా?”

కృప కళ్లనిండా నీళ్లు. పలక మీద రాసినదాన్ని అరచేత్తో తుడిచేసింది.

ఆ సందు దొరకగానే నేను నా పనిలోకి దిగాను. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను మా చర్చిలో ఆగమన కాలం అంటాం, అడ్వెంట్. పుట్టబోయే ప్రభువు కోసం ఎదురుచూసే రోజులు. మా ఇంట్లో వారానికొక కొవ్వొత్తి చొప్పున పెంచుతూ వెలిగించి, కాసేపు ఎవరం మాట్లాడకుండా కూర్చుంటాం. మా నాన్న పెట్టిన అలవాటు. చిన్నప్పుడు అది నాకు శిక్షలా ఉండేది, ధ్యాసంతా కేకు మీదే. పొట్టతో నిదానంగా ఊపిరి తీసుకోవడం మా థెరపీలో ముఖ్యమైన అభ్యాసం. రెండూ కలిపి, ప్రార్థన వేళకు కొవ్వొత్తి ముందు కూర్చుని, మనసులోనే ప్రార్థిస్తూ మంట కదలకుండా ఊపిరి తీసి వదలమన్నాను.

సుగుణమ్మ మొహం చిట్లించింది. “కొవ్వొత్తులు గిట్ల మా సంఘంల పెట్టం మేడం.”

“కరెంటు పోతే?”

“పెడతం.”

“కరెంటు పోయిందనుకోండి.”

ఆవిడ ఫక్కున నవ్వింది. “సరే తియ్యుండ్రి. అది ఒక్కతే ఎందుకు మూసుకోవాలె? మేం గూడ మూసుకుంటం.”

అన్నట్టే చేసిందట. ఇరుకు గదిలో, రోజూ కూడికకు వచ్చే పదిమంది ఆడవాళ్లు ఒక కొవ్వొత్తి చుట్టూ కూర్చుని, ఎన్నడూ లేనిది, నిశ్శబ్దంగా ప్రార్థించారు. రెండో రోజే పక్కింటి లక్ష్మమ్మ కంగారుగా తలుపు కొట్టింది. “ఏందక్కా, అంత మంచిదేనా? మీ ప్రార్థన వినబడక నాకు మెలకువ రాలే, పిల్లలు డబ్బాలు లేకుండనే బడికి పోయిండ్రు!” సంగతి విని, ఆ రోజు నుంచి సాయంత్రం పూట కృపకు ఆవిరి పట్టడానికి నీళ్లు తనే కాచి తెచ్చేదట. ఇన్నేళ్లూ తమ ప్రార్థన ఆవిడకు విసుగని సుగుణమ్మ అనుకుంటూ ఉండేది. ఇది నాతో చెబుతున్నప్పుడు సుగుణమ్మ కొంచెం సిగ్గుపడింది.

తర్వాతి పరీక్షకు వాపు తీసింది, కాయలు మాత్రం ఇంకా ఉన్నాయి. మూడో వారంలో పెదవులు మూసి మెల్లగా కూనిరాగం తీసే హమ్మింగ్ మొదలుపెట్టాను. దాంతో కాయలు కరుగుతాయో లేదో ఆఖరి పరీక్షలోనే తేలాలి.

క్రిస్మస్ ఇంకో రెండు రోజులుందనగా ఆఖరి పరీక్ష. డాక్టర్‌గారు కెమెరా పెట్టి టీవీ వైపు చాలాసేపు చూశారు. సుగుణమ్మ కళ్లు మూసుకుంది, పెదవులు బిగించింది. నేను కూడా ఊపిరి బిగబట్టాను. నేను నేర్పేదానికి అది పూర్తిగా విరుద్ధం.

“కాయలు దాదాపు కరిగిపోయాయండీ. తంత్రులు చక్కగా కలుస్తున్నాయి. సర్జరీ అక్కర్లేదు,” అన్నారాయన. కెమెరా తీసి, కృప వైపు చూసి నవ్వారు. “ఏదీ, ఒక మాట చెప్పమ్మా.”

సినిమా డైలాగేదో చెబుతుందనుకున్నాను. స్తోత్రం అంటుందని సుగుణమ్మ అనుకుని ఉంటుంది. కృప వాళ్లమ్మ వైపు తిరిగింది.

“అమ్మా, ఆకలైతుంది.”

నీళ్లలా తేటగా ఉంది గొంతు. ఆ తల్లీకూతుళ్లు పొద్దుట్నుంచీ ఉపవాసం ఉన్నారట. సుగుణమ్మ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో సంచిలో టిఫిన్ డబ్బా వెతుక్కుంది. నేను పక్క గదిలోకి వెళ్లి హాయిగా ఏడ్చాను. ఎన్ని వారాల బరువో దిగిపోయింది.

జనవరిలో కృప డబ్బింగ్ చెప్పింది. సినిమాకు వెళ్లాను. హీరోయిన్ అరిచిన చోట హాలంతా బిగుసుకుపోయింది. నేనొక్కదాన్నే “మెల్లిగా తల్లీ!” అని పైకే అనేశాను.

ఆ కేసు తర్వాత, వాయిస్ రెస్ట్ రాసే ముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను: “దేవుడితో ఎలా మాట్లాడతారు?” తెల్లారగట్ల గొంతెత్తి స్తోత్రాలు చదివేవాళ్లు, శనివారం భజనలు పాడేవాళ్లు అప్పుడే బయటపడతారు. ఒక కాల్ సెంటర్ కుర్రాడు మాత్రం “ఆయనతో మాట్లాడే టైమెక్కడిది మేడం, రాత్రంతా కస్టమర్లే,” అన్నాడు. మనిషికి భయం ఎక్కడ ఎక్కువో గొంతు అక్కడే ఎక్కువ చించుకుంటాడు. ఆ భయానికి ఎవరో ఒకరు జవాబు చెబితే తప్ప నా మందు పనిచేయదు. ఇది నేను కాలేజీలో నేర్చుకున్నది కాదు.

ఇప్పటికీ ఆగమన కాలం రాగానే మా ఇంట్లో మొదటి కొవ్వొత్తి వెలిగిస్తాం. అందరం నోరు మూసుకుని కూర్చుంటాం. ఇప్పుడది శిక్షలా లేదు. సుగుణమ్మ మాట గుర్తు తెచ్చుకుంటాను. నేను ఏమీ అడగకపోయినా నన్ను ఎవరూ మర్చిపోలేదనిపిస్తుంది.